ముసలి ఫ్లో ఎవరి సొత్తు?

సత్రానికి రాసిచ్చిన మాన్యాన్ని ధర్మకర్త అమ్ముకోవచ్చునా? ఈ ప్రశ్న వేస్తే మన పల్లెల్లో అక్షరం రానివారు సైతం తడుముకోకుండా జవాబు చెబుతారు. పంట అమ్మవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, గట్లు వేయించవచ్చు; భూమిని మాత్రం అమ్మరాదు. ధర్మకర్త కాపరి, యజమాని కాడు. ఇంత తేటతెల్లమైన విషయం లండను మహానగరంలో ఒక కంచు విగ్రహం దగ్గరకు వచ్చేసరికి మూడేళ్ళ వివాదమై ఉన్నత న్యాయస్థానం మెట్లెక్కింది. మన బ్లాగ్మిత్రులలో కవిత్వం గురించి రాసేవారు మెండు, శిల్పం గురించి రాసేవారు అరుదు. నేను కూడా పద్యం చెప్పుకొని బతికినవాడినే గాని ఉలి పట్టినవాడిని కాను. అయినా ఈ విగ్రహం విషయంలో నాకొక నిశ్చితాభిప్రాయం ఉన్నది కనుక ఈ టపాకు సాహసిస్తున్నాను.

విగ్రహం పేరు ‘డ్రేప్డ్ సీటెడ్ వుమన్’. తెలుగులో ‘వస్త్రావృత ఆసీన స్త్రీ’ అని అనువదించవచ్చును గాని, ఆ మాట వింటేనే ఆమె లేచి వెళ్ళిపోతుందేమో! ‘చీర కప్పుకొని కూర్చున్న అమ్మ’ అంటే మనకు దగ్గరగా ఉంటుంది. దీనిని 1957-58లో రూపొందించినవారు హెన్రీ మూర్. ఇరవయ్యవ శతాబ్దపు ఆంగ్ల శిల్పులలో అగ్రగణ్యుడు. 1898లో యార్క్‌షైర్‌లోని కాసిల్‌ఫర్డ్ అనే ఊరిలో ఒక బొగ్గుగని కార్మికుని ఇంట, ఎనిమిదిమంది సంతానంలో ఏడవవాడుగా పుట్టారు. శిల్పి కాకముందు కొద్దికాలం బడిపంతులుగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి 1917లో కాంబ్రే వద్ద విషవాయువు బారిన పడి బతికి బయటపడ్డారు. తరువాతనే లీడ్స్‌లోను, లండనులోను శిల్పవిద్య నేర్చుకున్నారు. 1986లో కన్నుమూశారు. బాల్యంలో కీళ్ళవాతంతో బాధపడే తల్లి వీపుకు తైలం మర్దన చేసిన జ్ఞాపకం, 1957 నాటి తన మరొక ‘కూర్చున్న స్త్రీ’ విగ్రహం వీపులోకి తనకు తెలియకుండానే వచ్చి చేరిందని ఆయన చెప్పుకున్నారు. ఆయన మలచిన స్త్రీమూర్తుల భుజాలు, వీపులు ఎందుకంత విశాలమో ఈ ఒక్క ముక్కతో నాకు బోధపడింది.

ఇక విగ్రహ వర్ణన. మనిషి ప్రమాణం కంటె చాల పెద్దది. నిటారైన మొండెం, విశాలమైన భుజాలు, దేహంతో పోలిస్తే మిక్కిలి చిన్నదైన తల. ముఖంలో కళ్ళు, ముక్కు, నోరు ఉన్నవీ అనలేము, లేవూ అనలేము. మోకాళ్ళ మీద వస్త్రం బిగుతుగా సాగి, వాటి నడుమ ముడతలు ముడతలుగా జారుతుంది. స్త్రీ అని తెలుస్తుంది. కూర్చున్నదని తెలుస్తుంది. ఏ స్త్రీయో తెలియదు. ధనవంతురాలా, పేదరాలా, ఏ దేశం మనిషి, ఎవరి కోసం ఎదురుచూస్తున్నది? ఏదీ చెప్పదు.

ఇటువంటి శిల్పాన్ని మన పత్రికలు ‘నైరూప్యం’ అంటాయి. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సమాసాలు విప్పి చెప్పిన నాకు ఈ మాటతో పేచీ ఉన్నది. రూపం లేనిది నీరూపం. దాని భావం నైరూప్యం. మరి ఈమెకు రూపం లేకపోవడమేమిటి? టన్నుకు మించిన కంచుతో పోసిన రూపం ఎదుట ఉండగా! ఇక్కడ శిల్పి చేసిన పని రూపాన్ని తీసివేయడం కాదు, విశేషాలను తీసివేయడం. పేరు, ఊరు, వయసు, నగ, చిరునవ్వు, ఇలా ఒక్కొక్కటిగా వలిచివేయగా మిగిలిన గింజను మన ఎదుట పెట్టాడు. దీనిని ‘సారరూపం’ అంటే సరిపోతుందని నా మనవి. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే ఆనందంగా స్వీకరిస్తాను.

మన అలంకారశాస్త్రం చదివినవారికి ఈ పద్ధతి కొత్తది కానవసరం లేదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ప్రతీయమానార్థాన్ని వివరిస్తూ స్త్రీ లావణ్యాన్నే ఉపమానంగా తెచ్చాడు. తెలిసిన అవయవాలలో ఏ ఒక్కదానిలోను ఉండక, అన్నిటికీ అతీతంగా భాసించేది లావణ్యం. మహాకవుల వాక్కులో ధ్వనించే అర్థం కూడ అటువంటిదే అన్నాడు. కన్ను ఫలానా, ముక్కు ఫలానా అని వాచ్యంగా చెప్పే శిల్పం ఒక తెరగు. అవేవీ చెప్పకుండ, కూర్చున్న తీరుతోనే అలసటను, ఓరిమిని, మాతృత్వాన్ని స్ఫురింపజేసే శిల్పం ఇంకొక తెరగు. ధ్వనికావ్యాన్ని ఉత్తమమని ఒప్పుకున్న మనం ధ్వనిశిల్పం ఎదుట నిలబడి ‘ఇదేం బొమ్మ, ముఖం చెక్కడం మరచిపోయాడా?’ అని నవ్వుకోవడం న్యాయంగా లేదు.

ఆమె ఎక్కడ కూర్చున్నదో, ఎందుకు కూర్చున్నదో ఇప్పుడు చెప్పాలి. వివాదమంతా అందులోనే ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన తూర్పు లండను పేటలను యుద్ధానంతరం తిరిగి కట్టవలసివచ్చింది. కార్మికుల కోసం ఎత్తయిన నివాస భవనాలు లేచాయి. ఆనాటి పాలకసంస్థ లండన్ కౌంటీ కౌన్సిల్ వారు ఇటుక, సున్నంతో మాత్రమే మనిషి బతకడని భావించి, 1956లో ఒక పథకం పెట్టారు. ఏటా 20,000 పౌండ్ల వరకు ఖర్చుచేసి, సమకాలీన శిల్పుల, చిత్రకారుల కృతులను కొని, బడులలోను, పార్కులలోను, కార్మికుల ఇళ్ళ నడుమను నిలపాలని. నా దృష్టిలో ఇది రాజులు దేవాలయాలకు చేసిన దానానికి ఏమాత్రం తీసిపోదు. ఇంకొంచెం ఎక్కువే, ఇక్కడ లోపలికి పోవడానికి గడప కూడా లేదు!

హెన్రీ మూర్ అప్పటికే ప్రపంచ ప్రఖ్యాతుడు. అయినా ఈ విగ్రహాన్ని బజారు ధర కంటె బాగా తగ్గించి, ఆరేడు వేల పౌండ్లకు ఆ కౌన్సిలుకు ఇచ్చారు. 1962లో స్టెప్నీ ప్రాంతంలోని స్టిఫర్డ్ ఎస్టేట్ అనే నివాస సముదాయంలో, మూడు ఎత్తయిన భవనాల నడుమ పచ్చికలో దీనిని నిలిపారు. అక్కడి జనం ఆ పొడుగాటి ఆంగ్ల నామాన్ని పక్కన పెట్టి ఆమెకు ‘ఓల్డ్ ఫ్లో’ అని పేరు పెట్టుకున్నారు. ఫ్లో అనేది ఫ్లోరెన్సుకు ముద్దుపేరు, మన సీతమ్మత్త, రాములమ్మత్త వంటి ఇంటి పిలుపు. పిల్లలు ఒడిలోకెక్కి ఆడుకున్నారు. కొంటెవాళ్ళు రంగులు పూశారు, రాతలు రాశారు. వాడకట్టులో అందరికీ తెలిసిన ముసలమ్మకు జరిగే మర్యాదా, అమర్యాదా రెండూ ఆమెకు జరిగాయి.

మన కూడళ్ళలోని విగ్రహాలను తలచుకోండి. ప్రతిదానికీ పేరు ఉంటుంది, పలక ఉంటుంది. జయంతికి దండ, వర్ధంతికి దండ. ఆ మహనీయుని అభిమానులు ఆ విగ్రహానికి కావలి. పేరున్న విగ్రహానికి అండా ఉంటుంది, పగా ఉంటుంది. పేరులేని ఈ ముసలమ్మకు కులసంఘం లేదు, పార్టీ లేదు, జయంతి లేదు. అందువల్లనే ఆమె అందరిదీ కాగలిగింది. అందువల్లనే, అమ్ముతామన్ననాడు ‘మాది’ అని ముందుకు రావలసినవారు ఎవరో తెలియక తికమక కలిగింది. శిల్పి పేరుపెట్టనిచోట పేరు పెట్టుకునే హక్కు జనానిది. స్టెప్నీ జనం ఆ హక్కు వినియోగించుకున్నారు. నా లెక్కలో సొత్తు ఎవరిదో ఆనాడే తేలిపోయింది.

స్టెప్నీతో ఆమె బంధం ఇంకా లోతైనది. 1940 సెప్టెంబరు 7న లండను మీద జర్మన్ బాంబుల వర్షం మొదలయినప్పుడు, దెబ్బ ముందుగా తగిలింది రేవులున్న తూర్పు పేటలకే. ఇళ్ళు వదలి వేలాది జనం రాత్రిళ్ళు భూగర్భ రైలు మార్గాలలో, గిడ్డంగుల నేలమాళిగలలో తలదాచుకున్నారు. ఆ రోజులలో హెన్రీ మూర్ ఆ ఆశ్రయాలకు పోయి, అక్కడ దుప్పట్లు కప్పుకొని వరుసలుగా పడుకున్నవారిని, గోడకానుకొని కూర్చున్న తల్లులను చూచారు. నిద్రపోయేవారి ఎదుట పుస్తకం తీసి బొమ్మ గీయడం అమర్యాద అని, చూచినది మనసులో నిలుపుకొని ఇంటికి వచ్చి గీసేవారు. లివర్‌పూల్ స్ట్రీట్ వద్ద ఇంకా పట్టాలు వేయని సొరంగం ఆయన చిత్రాలలో ప్రసిద్ధం. ఆయన గీసిన ఇంకొక ఆశ్రయం పేరు టిల్బరీ. అది స్టెప్నీలోనే, కమర్షియల్ రోడ్డు పక్కన ఉన్న పెద్ద గిడ్డంగి.

అంతకుముందు ఆయన శిల్పాలలో వస్త్రం దాదాపు లేదు. దేహాన్ని వస్త్రం ఎలా దాచుతూనే చూపుతుందో ఆ దుప్పట్లు ఆయనకు నేర్పాయి. తరువాత 1951లో గ్రీసు వెళ్ళి ప్రాచీన శిల్పాలను చూచినప్పుడు ఆ పాఠం గట్టిపడింది. ఈ రెండూ కలిసి ఆ దశాబ్దం చివర ‘చీర కప్పుకొన్న అమ్మ’ అయింది. కనుక 1962లో ఆమెను స్టెప్నీలో నిలిపినప్పుడు ఎక్కడి బొమ్మనో తెచ్చి ఎక్కడో పెట్టినట్లు కాలేదు. ఆ వీధుల తల్లులు బాంబుల రాత్రులలో కప్పుకొన్న దుప్పటి మడతలు కంచుగా మారి ఆ వీధులకే తిరిగివచ్చాయి. పైటకొంగు బిగించి రాత్రంతా పిల్లలను కాచిన అమ్మ ఎవరో అక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. ఆ ఎత్తయిన భవనాలు శిథిలావస్థకు చేరగా కూల్చివేయడానికి నిర్ణయించారు. 1997లో ఫ్లోను భద్రత కోసమని యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కుకు అరువుగా పంపారు. గొర్రెలు మేసే విశాలమైన పచ్చికలో, శిల్పి పుట్టిన సీమలో, ఆమె పదిహేనేళ్ళకు పైగా గడిపింది. చూడడానికి అది కన్నులపండుగే. శిల్పానికి ఆకాశం, చెట్లు, వెలుతురే సరియైన నేపథ్యమని మూర్ స్వయంగా నమ్మినవారు. కాని పేదల పేటకు ఇచ్చిన విగ్రహం ఆ పేటలో లేదు. స్టెప్నీలో ఆ కాలంలో పుట్టి పెరిగిన ఒక తరం పిల్లలు ఆమె ఒడిలో కూర్చోలేదు.

2012 చివరలో ఆ ప్రాంతపు పాలకసంస్థ టవర్ హామ్లెట్స్ కౌన్సిల్, మేయర్ లుత్ఫుర్ రహ్మాన్ నాయకత్వంలో, విగ్రహాన్ని అమ్మాలని నిశ్చయించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మూర్‌దే వేరొక కంచు విగ్రహం, 1951 నాటి ‘రిక్లైనింగ్ ఫిగర్: ఫెస్టివల్’, క్రిస్టీస్ వేలంలో సుమారు కోటీ 91 లక్షల పౌండ్లు పలికింది. ఫ్లో కూడా రెండు కోట్ల పౌండ్ల దాకా తేవచ్చునని అంచనా వేశారు.

మేయరు వాదాన్ని తేలికగా కొట్టివేయను. ప్రభుత్వం నిధులు కోసివేసిన కాలమది. టవర్ హామ్లెట్స్‌లో పేదరికం ఎక్కువ, ఇరుకిళ్ళలో పెద్ద కుటుంబాలు ఎక్కువ. విగ్రహాన్ని తిరిగి తెస్తే దొంగల భయం, పాడుచేస్తారన్న భయం, భీమా ఖర్చు భరించలేనంత. ఊరికే యార్క్‌షైర్‌లో ఉన్న కంచును అమ్మి, ఆ సొమ్ముతో ఇక్కడి బిడ్డలకు నీడ కల్పిస్తే తప్పేమిటన్నారు. ఆకలిగొన్నవాని ఎదుట శిల్పశాస్త్రం వల్లించడం అన్యాయమని నాకూ తెలుసు. కలవారి వేదికల మీద నుంచి కళను కాపాడమని కేకవేయడం సులభం.

దొంగల భయం కూడా కట్టుకథ కాదు. 2005 డిసెంబరులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని పెరీ గ్రీన్‌లో, మూర్ నివసించిన ఊరిలోనే, ఆయన చేసిన రెండు టన్నులకు పైబడిన శయన విగ్రహాన్ని దొంగలు క్రేను ఉన్న లారీ తెచ్చి ఎత్తుకుపోయారు. దాని విలువ 30 లక్షల పౌండ్లు. దానిని ముక్కలు చేసి, తుక్కు కింద బహుశా 1,500 పౌండ్లకు అమ్మి ఉంటారని 2009లో పోలీసులు తేల్చారు. 2011 డిసెంబరులో దక్షిణ లండనులోని డల్విచ్ పార్కు నుంచి బార్బరా హెప్‌వర్త్ కంచు శిల్పం కూడ అలాగే మాయమైంది. కంచు రాగి, తగరాల మిశ్రమం. కరిగిస్తే మళ్ళీ లోహమే. ఆ లోహానికి రెండువేల రెట్ల విలువ తెచ్చినది మనిషి చేయి, మనిషి ఊహ. దొంగకు ఆ రెండువేల రెట్లు కనిపించవు, తూకమే కనిపిస్తుంది.

అమ్ముదామన్నవారికి కనిపించినది కూడ ఇంకొక రకం తూకమేనని నా అభియోగం. ఇది కొంచెం కటువుగా ఉన్నా, కారణాలు చెబుతాను.

మొదటిది. శిల్పి తగ్గించి ఇచ్చిన ధరకూ బజారు ధరకూ నడుమ ఉన్న తేడా ఉన్నదే, అది ఆయన పేదలకు ఇచ్చిన దానం. కౌన్సిలుకు ఇచ్చిన రాయితీ కాదది. సత్రానికని చౌకగా ఇచ్చిన బియ్యాన్ని బజారులో అమ్మి లాభం చూపించడం ఎటువంటిదో, పేదల పేటకని చౌకగా ఇచ్చిన విగ్రహాన్ని వేలానికి పెట్టడం అటువంటిది. ఆ లాభాన్ని మళ్ళీ ధర్మకార్యానికే ఖర్చుచేస్తామన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. రేపు మరొక శిల్పి, మరొక దాత, మీ ఊరికి ఏదైనా ఇవ్వడానికి ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

రెండవది. రెండు కోట్ల పౌండ్లు ఒక్కసారి ఖర్చవుతాయి. లండను ధరలలో ఆ సొమ్ముకు ఎన్ని ఇళ్ళు వస్తాయో లెక్కవేసుకుంటే పేదరికం తీరేటంత కాదని తెలుస్తుంది. ఇళ్ళు ఏటేటా పన్నుల సొమ్ముతో కట్టవలసినవి. నిధులు తగ్గించిన ప్రభుత్వాన్ని నిలదీయవలసిన చోట ముసలమ్మను తాకట్టు పెట్టడం కుటుంబ యజమాని చేసే పని కాదు. అప్పులవాడు ఇంట్లో పాత్రలు అమ్మడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాడో మనకు తెలియనిది కాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ‘ఆమెను ఇక్కడ ఎవరూ అడగడం లేదు’ అనే మాట. అడగకపోవడానికి కారణం చూపకపోవడమే కదా! పిల్లవానిని పదిహేనేళ్ళు బడికి పంపక, వీనికి చదువు మీద ఆసక్తి లేదని తేల్చడం బడిపంతులుగా నేను ఒప్పుకోలేను. పేదవానికి అన్నం కావాలి, ఇల్లు కావాలి, నిజమే. అందమైన వస్తువు మాత్రం అక్కరలేదని ఎవరు చెప్పారు? కలవాడు ఇంట్లోనే బొమ్మలు పెట్టుకుంటాడు, టిక్కెట్టు కొని మ్యూజియానికి పోతాడు. పేదవానికి దక్కే శిల్పం వీధిలో ఉన్నదే. దానిని కూడా తీసివేసి అతని మేలు కోసమే అనడం నాకు మింగుడుపడలేదు.

అమ్మకాన్ని వ్యతిరేకిస్తూ శిల్పి కుమార్తె మేరీ మూర్, చలనచిత్ర దర్శకుడు డానీ బాయిల్, టేట్ మ్యూజియం అధిపతిగా ఉన్న నికొలస్ సెరోటా తదితరులు బహిరంగలేఖ రాశారు. భద్రతతో ఉచితంగా ప్రదర్శిస్తామని మ్యూజియం ఆఫ్ లండన్ ముందుకు వచ్చింది. ఇంతలో ఆర్ట్ ఫండ్ అనే సంస్థ పాత దస్తావేజులు తిరగవేసి, అసలు విగ్రహం టవర్ హామ్లెట్స్‌దే కాదని తేల్చింది. కొన్నవారు లండన్ కౌంటీ కౌన్సిల్. దాని తరువాత వచ్చిన గ్రేటర్ లండన్ కౌన్సిల్ 1986లో రద్దయింది. దాని మిగులు ఆస్తులు బ్రామ్లీ అనే మరొక కౌన్సిలుకు సంక్రమించాయి. వివాదం హైకోర్టుకు వెళ్ళి 2015 జూలైలో తీర్పు వెలువడింది.

ఆ తీర్పు చదువరులకు ఆసక్తికరం. విగ్రహం నేలకు బిగించినది కాదు, తన బరువుతో తానే నిలిచి ఉన్నది. కనుక అది ఆ స్థలంలో భాగం కాదు, చరాస్తి. భూమితో పాటు అది టవర్ హామ్లెట్స్‌కు రాలేదు. న్యాయంగా బ్రామ్లీదే. అయితే 1997లో టవర్ హామ్లెట్స్ దానిని తన వస్తువుగా భావించి యార్క్‌షైర్‌కు అరువిచ్చినప్పుడు, ఆరేళ్ళలోగా బ్రామ్లీ దావా వేయలేదు కనుక హక్కు నశించింది. ఫలితంగా విగ్రహం టవర్ హామ్లెట్స్‌కే దక్కింది. విగ్రహం ఉన్నచోటికి అందం తెస్తుందేమో గాని, తన అందం కోసం ఆ చోటు మీద ఆధారపడలేదన్నది న్యాయమూర్తి విచారణలో ఒక మెట్టు.

చట్టం దృష్టిలో అది సరియైనదే కావచ్చు. న్యాయమూర్తి ఆస్తి స్వభావం నిర్ణయించాలి గాని సాహిత్యం నిర్ణయించనక్కరలేదు. కాని ఆ వాక్యం మా వంటివారికి గుచ్చుకుంటుంది. అదే లండనులో, బ్రిటిష్ మ్యూజియంలో, 1880లో అక్కడికి చేరిన మన అమరావతి స్తూప శిలాఫలకాలు ఉన్నాయి. వాటి అందం అక్కడ చెడిపోలేదు, ఒప్పుకుంటాను. ప్రదక్షిణ చేసే భక్తుని అడుగు, కృష్ణ గాలి, చుట్టూ తెలుగు నేల అక్కడ లేవు. శిల్పానికి అందం వేరు, అర్థం వేరు. అందం వస్తువుతో పాటు లారీ ఎక్కుతుంది. అర్థంలో సగం చోటులోనే మిగిలిపోతుంది. ఫ్లో మడతలలోని దుప్పట్లు స్టెప్నీ దుప్పట్లని ఎరిగినవాడు ఆమె చోటు మీద ఆధారపడలేదని అనలేడు.

ఆ 2015లోనే మేయరు మారారు. కొత్తగా వచ్చిన జాన్ బిగ్స్ అమ్మకాన్ని రద్దుచేశారు. 2017 అక్టోబరులో ఓల్డ్ ఫ్లో ఇరవయ్యేళ్ళ ప్రవాసం ముగించుకొని తూర్పు లండనుకు తిరిగివచ్చింది. వచ్చింది గాని, స్టెప్నీకి కాదు. అదే టవర్ హామ్లెట్స్ పరిధిలోని కేనరీ వార్ఫ్‌లో, కేబట్ స్క్వేర్ అనే చోట ఆమెను నిలిపారు. బాంకుల ఆకాశహర్మ్యాల నడుమ. ఖర్చు, కాపలా ఆ ప్రాంతపు యాజమాన్య సంస్థ వహించింది.

2018లో మా అమ్మాయి దగ్గర ఉన్న రోజులలో నేను ఆమెను చూచినది అక్కడనే. మధ్యాహ్న భోజన సమయం. మెడలో గుర్తింపు బిళ్ళలు వేలాడుతున్న ఉద్యోగులు చేతిలో పొట్లాలతో చుట్టూ కూర్చొని తింటున్నారు. ఎవరూ ఆమెకేసి చూడడం లేదు. ఆమె కూడ ఎవరికేసి చూడడం లేదు. ఆకుపచ్చని చిలుము పట్టిన మోకాళ్ళ మీద ఎండ పడుతున్నది. ఆ చిన్నతల, ఆ పెద్ద ఒడి చూచి మా అమ్మాయి ‘నాన్నగారూ, బామ్మ అరుగు మీద కూర్చున్నట్లు లేదూ?’ అన్నది. కనుముక్కు తీరు లేని కంచులో మా అమ్మ ఎలా కనబడిందో శాస్త్రం చదివిన నేను వివరించగలనేమో గాని, శాస్త్రం చదవని మా అమ్మాయికి అది ముందే తెలిసింది.

కేనరీ వార్ఫ్ ఏర్పాటుపై నా అభిప్రాయం సగం సంతోషం, సగం అసంతృప్తి. వేలంలో ఏ కోటీశ్వరుని తోటలోకో పోయి, ప్రహరీగోడ వెనుక దాగిపోవడం కంటె ఇది లక్ష రెట్లు మేలు. ఎవరైనా పోయి చూడవచ్చు, రుసుము లేదు. కాని ఆ చోటు పేదవాడు పిల్లలను వెంటబెట్టుకొని సాయంకాలం కాలక్షేపానికి పోయే చోటుగా నాకు తోచలేదు. కాపలావారి కన్ను ఉన్నచోట ఏ పిల్లవాడు ఆమె ఒడిలోకెక్కుతాడు? మాన్యాన్ని అమ్మకుండ నిలిపారు, మంచిదే. కాని సత్రంలో ఇంకా పేదవానికి విస్తరి వేయలేదు. స్టెప్నీలోనో, ఆ చుట్టుపక్కలనో, ఒక బడి దగ్గరో, ఆసుపత్రి దగ్గరో, జనం రోజూ నడిచే బాటలో ఆమెకు చోటివ్వాలి. ఖర్చు అవుతుంది, కాపలా కావాలి, గీతలు గీస్తారు. మన ఇంట్లో పెద్దవాళ్ళను ఉంచుకోవడానికి కూడ ఈ మూడూ అవసరమే కదా!

ఇంత రాసిన తరువాత బ్లాగ్మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరిలో, మీరుండే దేశంలో, వీధిలో నిలిపిన ఇటువంటి శిల్పం ఏదైనా ఉంటే, జనం దానికి పెట్టుకున్న పేరేమిటో కనుక్కొని ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. పలక మీద ఉన్న పేరు అక్కరలేదు. ఆ దారిన పోయేవారు పిలుచుకునే పేరు కావాలి.